మేడ మీద సోలార్ పెట్టించాలంటే: ముందు బిల్లు, తర్వాత నీడ, ఆ తర్వాతే కంపెనీ

సోలార్ పెట్టించుకుందాం అనుకోగానే అందరూ అడిగే మొదటి ప్రశ్న "ఏ కంపెనీ మంచిది?" అని. రెండోది "సబ్సిడీ ఎంతొస్తుంది?" అని. రెండూ అడగాల్సినవే, కానీ చివర్లో. మీ ఇంటికి ఎన్ని కిలోవాట్లు కావాలో, అసలు కావాలో వద్దో చెప్పేది మీ కరెంటు బిల్లు. ప్యానెళ్లు ఎక్కడ నిలబెట్టాలో చెప్పేది మీ మేడ మీద పడే నీడ. ఈ రెండింటినీ మీరే, పైసా ఖర్చు లేకుండా, ఒక ఆదివారం చూసుకోవచ్చు. అది చేయకుండా అమ్మేవాళ్లకు ఫోన్ చేస్తే వాళ్ల దగ్గరున్న సైజు మీ ఇంటికి సరిపోయే సైజు అయిపోతుంది.

ఈ శ్రమంతా ఎందుకో కూడా చెప్పాలి. మనకొచ్చే కరెంటులో పెద్ద వాటా ఇప్పటికీ బొగ్గుదే. రామగుండం, కొత్తగూడెం, విజయవాడ దగ్గరి ఇబ్రహీంపట్నం, పరవాడ దగ్గరి సింహాద్రి, ఈ థర్మల్ కేంద్రాలన్నీ బొగ్గు మండించి నడిచేవే. దేశం మొత్తం గ్రిడ్‌ను తీసుకుంటే ఒక్కో యూనిట్ వెనక సుమారు 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ గాల్లో కలుస్తోంది. 3 కిలోవాట్ల సోలార్ మన ఎండకి ఏడాదికి 4,100 యూనిట్లకు పైగా ఇస్తుంది. అంటే ఒక్క మేడ వల్ల ఏటా దాదాపు 3 టన్నులు తగ్గుతుంది. మామూలు కుటుంబం తన ఇంట్లో చేయగలిగిన పనుల్లో ఇంత తేడా తెచ్చేవి చాలా తక్కువ. ఎండలు ఏ ఏటికాయేడు ఎలా ముదురుతున్నాయో మనం చూస్తూనే ఉన్నాం. చేసే పనేదో సరిగ్గా చేద్దాం.

ఏడాది బిల్లులు ముందేసుకోండి

గత 12 నెలల యూనిట్లు ఒక కాగితం మీద రాసుకోండి. బిల్లులు పారేసినా ఫర్వాలేదు, మీ డిస్కం (కరెంటు సరఫరా చేసే సంస్థ) యాప్‌లోనో వెబ్‌సైట్‌లోనో సర్వీసు నంబరు కొడితే పాత వినియోగం కనిపిస్తుంది. రూపాయలు కాదు, యూనిట్లు రాయండి. మేలో 520, డిసెంబర్‌లో 240 ఇలా ఉంటాయి. అన్నీ కూడి 12తో భాగిస్తే నెల సగటు వస్తుంది.

ఇప్పుడు అసలు లెక్క. మన ఇళ్ల టారిఫ్ స్లాబుల్లో నడుస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లో మొదటి 30 యూనిట్లకు రూ.1.90, 75 వరకు రూ.3, 125 వరకు రూ.4.50, 225 వరకు రూ.6, 400 వరకు రూ.8.75, ఆపైన రూ.9.75. సోలార్ యూనిట్లు ఈ మెట్లను పైనుంచి కిందికి కోసుకుంటూ వస్తాయి. నెలకు 400 యూనిట్లు కాల్చే ఇంటిని తీసుకోండి. ఎనర్జీ చార్జీలే దాదాపు రూ.2,550. ఒక కిలోవాట్ నెలకు సగటున 115 యూనిట్లు ఇస్తుందనుకుంటే, మొదటి కిలోవాట్ కోసేది మొత్తం రూ.8.75 యూనిట్లే, కాబట్టి నెలకు వెయ్యి రూపాయలు మిగులుతుంది. రెండో కిలోవాట్ రూ.850 పైన మిగులుస్తుంది. మూడోది రూ.550. నాలుగోది పెట్టారనుకోండి, కోయడానికి మిగిలింది అడుగున ఉన్న 55 యూనిట్లే, వాటి విలువ రూ.130. పైగా 3 కిలోవాట్లు దాటితే సబ్సిడీ ఒక్క రూపాయి కూడా పెరగదు.

"ఎలాగూ పెట్టిస్తున్నాం కదా, 5 కిలోవాట్లు వేసేయండి" అనే మాట ఎక్కడ వినిపించినా ఈ లెక్క గుర్తు తెచ్చుకోండి. మిగులు కరెంటు డిస్కం తీసుకుంటుంది నిజమే, కానీ మీరు కొనే ధరకి కాదు. లెక్క తేల్చేటప్పుడు దానికి కట్టే రేటు చాలా తక్కువ. ఏసీ కొనబోతున్నారా, ఎలక్ట్రిక్ స్కూటరో కారో వచ్చే ఏడాది తీసుకుంటారా, అప్పుడు దానికి తగ్గట్టు కొంచెం పెంచి పెట్టించండి. ఊరికే పెద్దది వద్దు.

తెలంగాణలో మెట్లు వేరు. 200 యూనిట్లు దాటిన ఇళ్లకు మొదటి 200 రూ.5.10, తర్వాతి 100 రూ.7.70, ఆ తర్వాత రూ.9, 400 దాటితే రూ.9.50. నెలకు 400 కాల్చే ఇల్లు రూ.2,690 కడుతుంది. అక్కడ ఇంకో లాభం ఉంది: సోలార్ వల్ల నికర యూనిట్లు (తీసుకున్నవాటిలోంచి పంపినవి పోగా మిగిలేవి) 200 లోపుకి వస్తే కింది వర్గం రేట్లు పడతాయి. అయితే గృహజ్యోతి కింద 200 యూనిట్ల లోపు సున్నా బిల్లు వస్తున్న ఇంటికి సోలార్ పెట్టుబడి తిరిగి రాదు. అలాంటివాళ్లను ఎవరైనా తొందరపెడుతుంటే వినకండి. ఆంధ్రప్రదేశ్‌లో ఎస్సీ, ఎస్టీ కుటుంబాలకు 2 కిలోవాట్ల వరకు ఉచితంగా పెట్టే కార్యక్రమం డిస్కంల ద్వారా నడుస్తోంది. బీసీ కుటుంబాలకు కేంద్ర సబ్సిడీకి తోడు రాష్ట్రం కూడా కొంత కలుపుతోంది. ముందు డిస్కం సెక్షన్ ఆఫీసులో కనుక్కోండి, ఆ తర్వాతే సొంత డబ్బు తీయండి.

నెలకు 150 యూనిట్ల లోపైతే ముందు ఫ్యాన్లు మార్చండి

ఆంధ్రప్రదేశ్‌లో నెలకు 120 యూనిట్లు వాడే ఇంటికి ఎనర్జీ చార్జీలు రూ.400 లోపే. ఒక కిలోవాట్ పెట్టించినా పెట్టుబడి వెనక్కి రావడానికి ఎనిమిదేళ్లు దాటుతుంది. అదే ఇంట్లో నాలుగు పాత సీలింగ్ ఫ్యాన్లు ఉంటే, ఒక్కోటి 75 వాట్లు లాగుతుంది. బీఎల్‌డీసీ ఫ్యాన్ (తక్కువ కరెంటు లాగే కొత్తరకం మోటారు ఉన్నది) 30 వాట్ల చుట్టూ ఉంటుంది. నాలుగు ఫ్యాన్లు రోజుకు 12 గంటలు తిరిగితే నెలకు 65 యూనిట్ల తేడా. అంటే సగం కిలోవాట్ సోలార్ చేసే పని ఫ్యాన్లే చేస్తాయి, డిస్కం అనుమతి అక్కర్లేదు, అద్దె ఇంట్లో ఉన్నా వెళ్లేటప్పుడు విప్పుకుని తీసుకెళ్లొచ్చు.

పెద్ద బిల్లు వచ్చేవాళ్లు కూడా ఈ పని ముందే చేయాలి, ఎందుకంటే తగ్గిన యూనిట్లకు ప్యానెళ్లు కొనాల్సిన పని లేదు. ఏసీని 18లో పెట్టి దుప్పటి కప్పుకునే అలవాటు ఉంటే 25, 26కి తెచ్చి ఫ్యాన్ తిప్పండి. ఒక్కో డిగ్రీకి సుమారు 6 శాతం కరెంటు కలిసొస్తుంది. మేడకి తెల్ల సున్నమో కూల్ రూఫ్ పెయింటో వేయాలనుకుంటే అది ప్యానెళ్లకంటే ముందే అయిపోవాలి. తెలంగాణ ప్రభుత్వం 2023లోనే దీనికోసం ప్రత్యేకంగా కూల్ రూఫ్ పాలసీ తెచ్చింది, అంత విలువైన పని ఇది. తెల్లటి మేడ మీద బైఫేషియల్ ప్యానెళ్లు పెడితే కింద నుంచి పడే వెలుతురుని కూడా అవి వాడుకుంటాయి.

సుద్దముక్క తీసుకుని మేడ ఎక్కండి

సోలార్‌లో చాలామంది నష్టపోయేది ఇక్కడే, కాబట్టి ఈ పని తీరిగ్గా చేయండి.

ఉదయం 9కి, మధ్యాహ్నం 12కి, సాయంత్రం 3కి, మూడుసార్లు పైకెక్కి, నీడ పడిన అంచుల వెంట సుద్దతో గీత గీయండి. నీళ్ల ట్యాంకు, మెట్ల గది, పక్కింటి గోడ, కొబ్బరి చెట్టు, డిష్ యాంటెన్నా, కేబుల్ వైరు, దేన్నీ వదలొద్దు. మూడు గీతలూ అయ్యాక ఏ నీడా తాకని చోటు ఎంత మిగిలిందో కొలవండి. ఆ జాగా మీద ప్యానెళ్లు పట్టాలి. 540 వాట్ల ప్యానెల్ ఒక్కోటి ఏడున్నర అడుగుల పొడవు, మూడు ముప్పావు అడుగుల వెడల్పు ఉంటుంది. 3 కిలోవాట్లకి అలాంటివి ఆరు కావాలి. మధ్యలో నడిచే దారి, శుభ్రం చేసుకునే జాగా కలుపుకుంటే 250 నుంచి 300 చదరపు అడుగులు పెట్టుకోండి.

మన ఇళ్లలో వాస్తు ప్రకారం నీళ్ల ట్యాంకు నైరుతిలో ఎత్తుగా కడతారు. చాలా ఇళ్లలో మెట్ల గది కూడా దక్షిణం వైపో పడమర వైపో ఉంటుంది. దాంతో మధ్యాహ్నం రెండు దాటాక నీడ ఈశాన్యం వైపు సాగుతూ మేడ మధ్యలోకి వచ్చేస్తుంది. అలాంటి మేడ మీద ఆగ్నేయం మూలే ఎక్కువసేపు ఖాళీగా ఎండలో ఉంటుంది. ట్యాంకుకి ఉత్తరాన, తూర్పున పెట్టక తప్పకపోతే ట్యాంకు ఎత్తుకి కనీసం రెండింతల దూరం వదలండి.

మీరు ఈ పని మే నెలలో చేస్తుంటే ఒక జాగ్రత్త. మేలో మధ్యాహ్నం సూర్యుడు నడినెత్తి మీద ఉంటాడు, నీడలు కాళ్ల కిందే ఉంటాయి. డిసెంబర్‌లో సూర్యుడు దక్షిణానికి వాలి, మధ్యాహ్నం 12కి కూడా 6 అడుగుల ట్యాంకు నీడ 5 అడుగులు ఉంటుంది. సాయంత్రం మూడుకి దాదాపు 10 అడుగులు ఉంటుంది. వేసవిలో చూసి "నీడే లేదు" అనేవాళ్ల మాట మీద ఆధారపడొద్దు.

కొద్దిపాటి నీడే కదా అనుకోవడానికి లేదు. ప్యానెళ్లన్నీ వరసగా ఒకే తీగకి కట్టి ఉంటాయి, కరెంటు అన్నింటిలోంచీ ఒక్కలాగే పారాలి. ఒక పైపులో ఒక చోట అడ్డం పడితే మొత్తం ధార తగ్గినట్టే, ఒక ప్యానెల్ మీద నీడ పడితే ఆ వరసంతా తగ్గుతుంది. లోపల ఉండే బైపాస్ డయోడ్లు (నీడ పడ్డ భాగాన్ని తప్పించి కరెంటుకి పక్కదారి ఇచ్చేవి) మిగతా ప్యానెళ్లను కాపాడతాయి కానీ, నీడ పడ్డ ప్యానెల్‌లో మూడో వంతో సగమో పక్కన పడిపోతుంది. మీ గీతల్లో నీడ తప్పించుకోలేని చోటు ఉంటే రెండు దారులున్నాయి: ప్యానెళ్లను ఎత్తు మీద పెట్టడం, లేదా ప్యానెల్‌కి ప్యానెల్ విడిగా పనిచేసే మైక్రో ఇన్వర్టర్లు (ప్యానెల్ ఇచ్చే డీసీ కరెంటును ఇంట్లో వాడే ఏసీ కరెంటుగా మార్చే చిన్న పెట్టెలు) పెట్టడం. రెండోది ఖరీదు ఎక్కువ.

దిక్కు విషయానికొస్తే, ప్యానెళ్ల ముఖం దక్షిణానికి ఉండాలి. వాలు మన అక్షాంశానికి దగ్గరగా, తిరుపతిలో 13, 14 డిగ్రీలు, విజయవాడ, హైదరాబాద్‌లలో 16, 17, ఆదిలాబాద్‌లో 19, 20. రెండు మూడు డిగ్రీల తేడాకి ఏమీ కాదు. అసలు 10 డిగ్రీలకంటే తగ్గితే మాత్రం వానకి దుమ్ము కడుక్కుపోదు, కింది అంచున బురద పేరుకుంటుంది.

ఎత్తు, గాలి, స్లాబు

మన ఊళ్లలో మేడ ఖాళీ జాగా కాదు. బట్టలు ఆరేస్తాం, మిరపకాయలు, వడియాలు ఎండబెడతాం, వేసవిలో పడుకుంటాం. అందుకే చాలామంది 7, 8 అడుగుల ఎత్తు స్టాండు వేయించుకుంటున్నారు. కింద నడవొచ్చు, పిట్టగోడ నీడ తగలదు, కింది గదిలో వేడి కూడా తగ్గుతుంది. ఇనుము ఖర్చు పెరుగుతుంది, ఆ మొత్తం విడిగా రాయించుకోండి.

కోస్తాలో ఉన్నవాళ్లు ఎత్తు స్టాండు గురించి రెండుసార్లు ఆలోచించాలి. 2014 అక్టోబర్‌లో హుద్‌హుద్ విశాఖ మీద పడినప్పుడు గాలి గంటకు 180 కిలోమీటర్ల దరిదాపుల్లో వీచింది. 2018లో తిత్లీ శ్రీకాకుళాన్ని ఊపేసింది. ఎత్తు పెరిగేకొద్దీ ప్యానెల్ కింద గాలి దూరి పైకెత్తే బలం పెరుగుతుంది. శ్రీకాకుళం నుంచి నెల్లూరు దాకా సముద్రానికి దగ్గర్లో ఉన్న ఇళ్లకు స్టాండు వీలైనంత తక్కువ ఎత్తులో, హాట్ డిప్ గాల్వనైజ్ చేసిన (కరిగిన జింకులో ముంచి పూత పట్టించిన) ఇనుముతో, స్టెయిన్‌లెస్ స్టీల్ బోల్టులతో ఉండాలి. మామూలు జీఐ పైపుకి వెల్డింగ్ చేసి వెండి రంగు పూస్తే ఉప్పు గాలికి రెండు మూడేళ్లలో అతుకుల దగ్గర తుప్పు తేలుతుంది.

ఇక స్లాబు. కాళ్లు బిగించడానికి స్లాబు మధ్యలో డ్రిల్ వేయనివ్వకండి. పిల్లర్లు, బీములు ఎక్కడున్నాయో చూసుకుని వాటి మీద కాంక్రీటు దిమ్మెలు పోయించి, వాటికి బిగించాలి. ఇప్పటికే కారుతున్న స్లాబైతే ముందు వాటర్‌ప్రూఫింగ్ అయిపోవాలి. ప్యానెళ్లు పడ్డాక కింద ఆ పని చేయడం నరకం.

కాగితాలు: పేరు దగ్గరే ఆగిపోతారు

కేంద్ర పథకం పేరు పీఎం సూర్యఘర్ ముఫ్త్ బిజిలీ యోజన. 2024 ఫిబ్రవరిలో మొదలైంది, 2026-27 ఆర్థిక సంవత్సరం వరకు ఉంది, కోటి ఇళ్లు లక్ష్యం. సబ్సిడీ మొదటి 2 కిలోవాట్లకి కిలోవాట్‌కి రూ.30,000, మూడోదానికి రూ.18,000, మొత్తం రూ.78,000 మించదు.

దరఖాస్తు చేసే ముందు బిల్లు మీద పేరు చూసుకోండి. చాలా ఇళ్లలో మీటరు ఇంకా తాతగారి పేరునో, ఇల్లు అమ్మినవాళ్ల పేరునో, బిల్డర్ పేరునో ఉంటుంది. దరఖాస్తు, బ్యాంకు ఖాతా, కరెంటు సర్వీసు ఒకే పేరు మీద ఉండాలి. ఒక్క అక్షరం తేడా ఉన్నా సబ్సిడీ దగ్గర చిక్కొస్తుంది. పేరు మార్పు మీ సేవలోనో, సచివాలయంలోనో, డిస్కం ఆఫీసులోనో దరఖాస్తు పెట్టి ముందే పూర్తి చేసుకోండి.

తర్వాత పీఎం సూర్యఘర్ పోర్టల్‌లోకి వెళ్లి రాష్ట్రం, డిస్కం, సర్వీసు నంబరు, మొబైల్ నంబరుతో రిజిస్టర్ అవ్వండి. ఇది మీ ఫోన్ నంబరుతోనే జరగాలి. "మేమే చేస్తాం సార్, ఓటీపీ చెప్పండి" అంటే చెప్పొద్దు, పక్కన కూర్చుని చేయించుకోండి. 10 కిలోవాట్ల లోపు దరఖాస్తుకి సాంకేతిక పరిశీలన పేరుతో నెలలు ఆగాల్సిన పని లేదు, నిబంధనల ప్రకారం అది ఆమోదం పొందినట్టే. మంజూరు లోడు (మీ కనెక్షన్‌కి డిస్కం అనుమతించిన కిలోవాట్లు) తక్కువున్నా భయం లేదు, డిస్కం దాన్ని పెంచుతుంది.

డబ్బు చేతిలో లేకపోతే ప్రభుత్వ బ్యాంకులు 3 కిలోవాట్ల వరకు రూ.2 లక్షల దాకా తాకట్టు లేకుండా అప్పు ఇస్తున్నాయి. వడ్డీ రెపో రేటుతో ముడిపడి 6 శాతం అటూఇటూ ఉంటుంది. వ్యాపారి చూపించే ప్రైవేటు ఫైనాన్స్ కంటే ఇది చాలా చవక. కాకపోతే బ్యాంకుకి మీరు తిరగాలి.

ఇప్పుడు కంపెనీ

పోర్టల్‌లో నమోదైన వెండర్ల నుంచి కనీసం ముగ్గురి దగ్గర కొటేషన్ తీసుకోండి. సబ్సిడీకి ముందు 3 కిలోవాట్లకి 1.8 నుంచి 2.2 లక్షల మధ్య చెప్తే మామూలే. 2 లక్షలకే తేలిందనుకుంటే మీ చేతి నుంచి పోయేది రూ.1.22 లక్షలు. పైన చెప్పిన 400 యూనిట్ల ఇంటికి ఏడాదికి రూ.29,000 దాకా మిగులుతుంది కాబట్టి ఐదేళ్ల లోపే తిరిగొస్తుంది. సోలార్ పరికరాల మీద జీఎస్టీ 2025 సెప్టెంబర్‌లో 12 నుంచి 5 శాతానికి తగ్గింది. పాత రేటుతో కొటేషన్ ఇస్తే అడగండి.

కొటేషన్‌లో మొత్తం ధర ఒక్కటే కాదు, ప్రతిదీ విడిగా రాసి ఉండాలి. ప్యానెల్ కంపెనీ, మోడల్, వాట్లు, ఎన్ని. అవి డీసీఆర్ ప్యానెళ్లేనా, అంటే సెల్ కూడా మన దేశంలో తయారైందేనా. కాకపోతే సబ్సిడీ రాదు. డీసీఆర్ కాని ప్యానెళ్లు చవక కాబట్టి కొందరు అక్కడే మెలిక పెడతారు. టాప్‌కాన్ రకం దొరికితే అదే తీసుకోండి. దీనికి మన ఎండే కారణం. ప్యానెల్ మీద రాసే వాట్లు 25 డిగ్రీల వేడి దగ్గర కొలిచినవి. రెంటచింతలలోనో రామగుండంలోనో మే మధ్యాహ్నం ప్యానెల్ ఒళ్లు 65 డిగ్రీలు దాటుతుంది. ప్రతి డిగ్రీకి పాత రకంలో 0.35 శాతం చుట్టూ పోతుంది, టాప్‌కాన్‌లో 0.3 చుట్టూ. అందుకే మే కంటే ఫిబ్రవరి, మార్చిలో రోజుకు వచ్చే యూనిట్లు ఎక్కువ ఉండొచ్చు. మీ యాప్‌లో మేలో తగ్గితే కంగారుపడకండి.

బ్యాటరీ గురించి కూడా ఇక్కడే తేల్చుకోవాలి. సబ్సిడీ మీద వచ్చే మామూలు ఆన్‌గ్రిడ్ సోలార్ (డిస్కం లైనుకి కలిపి నడిచేది), కరెంటు పోతే తనూ ఆగిపోతుంది, ఎంత ఎండ ఉన్నా సరే. స్తంభం ఎక్కిన లైన్‌మన్ ప్రాణం కోసం పెట్టిన ఏర్పాటు అది. మీ ఇంటి నుంచి కరెంటు లైనులోకి పోతుంటే అతనికి షాక్ కొడుతుంది. మీ ఊళ్లో కోతలు ఎక్కువైతే హైబ్రిడ్ ఇన్వర్టర్, బ్యాటరీ వైపు చూడొచ్చు. ఖర్చు బాగా పెరుగుతుంది, బ్యాటరీకి సబ్సిడీ లేదు. ఇంట్లో కరెంటు పోయినప్పుడు వాడే పాత బ్యాటరీ ఇన్వర్టర్ ఉంటే అది చాలామందికి చాలు.

పల్లెల్లో, లైను చివర ఉన్న ఇళ్లకి ఇంకో తలనొప్పి ఉంది. మధ్యాహ్నం లోడు తక్కువున్నప్పుడు వోల్టేజీ 260 దాకా ఎగబాకుతుంది. అప్పుడు సోలార్ ఇన్వర్టర్ తనంతట తాను ఆగిపోతుంది, సరిగ్గా ఎండ బాగా ఉన్న వేళ. వారం రోజులు మధ్యాహ్నం పూట స్టెబిలైజర్ మీద వోల్టేజీ చూసి రాసుకోండి. తరచూ 250 దాటుతుంటే పెట్టించకముందే డిస్కం ఏఈ (అసిస్టెంట్ ఇంజనీర్) గారికి రాతపూర్వకంగా ఇచ్చి ట్రాన్స్‌ఫార్మర్ సరిచేయించుకోండి.

సంతకం పెట్టే ఒప్పందంలో ఐదేళ్ల నిర్వహణ వెండర్‌దేనని ఉండాలి. "సబ్సిడీ తీసేసి మిగతాది ఇవ్వండి, సబ్సిడీ మేం తీసుకుంటాం" అనే బేరం ఒప్పుకోకండి. సబ్సిడీ మీ ఖాతాకే వస్తుంది. డబ్బు విడతలుగా ఇవ్వండి, నెట్ మీటరు (తీసుకున్న యూనిట్లు, పంపిన యూనిట్లు రెండూ లెక్కపెట్టేది) బిగించాకే ఆఖరి విడత.

బిగించే రోజు ఇంట్లో ఉండండి

ప్యానెళ్లు దింపగానే వెనక స్టిక్కర్ మీది సీరియల్ నంబర్లు ఫోటో తీసుకోండి. పోర్టల్‌లో ఎక్కించిన నంబర్లూ అవీ ఒకటే కావాలి. ఇన్వర్టర్ ఎండ తగలని గోడకి, మెట్ల కింద గాలి ఆడే చోట పెట్టించండి. ఎండలో వేలాడదీస్తే అది వేడెక్కి తన పని తగ్గించుకుంటుంది. వైర్లు గట్టి పైపుల్లోంచే రావాలి. తెలంగాణ ఊళ్లలో కోతులు వేలాడే ప్రతి వైరునీ ఉయ్యాల చేస్తాయి.

ఎర్తింగ్ గుంతలు మూడు ఉండాలి: పిడుగు కడ్డీకి ఒకటి, ప్యానెళ్లకి, స్టాండుకి కలిపి ఒకటి, ఇన్వర్టర్ వైపుకి ఒకటి. రెండు తవ్వి "చాలు సార్" అంటే ఒప్పుకోవద్దు. పిడుగు కడ్డీ తీగ వేరే గుంతలోకే దిగాలి, లేకపోతే ఆ దెబ్బ ఇన్వర్టర్‌లోకి వస్తుంది. వేసవిలో గుంతల్లో నీళ్లు పోస్తుండండి.

నెట్ మీటరు వచ్చాక

పాత మీటరు విప్పేముందు దాని ఆఖరి రీడింగ్ ఫోటో తీయండి. కొత్త మీటరులో మీరు తీసుకున్న యూనిట్లు, పంపిన యూనిట్లు విడివిడిగా తిరుగుతూ కనిపిస్తాయి. డిస్కం వాళ్లు చూసి కమిషనింగ్ రిపోర్టు (సోలార్ నడవడం మొదలైందని చెప్పే కాగితం) ఎక్కించాక, పోర్టల్‌లో మీ బ్యాంకు వివరాలు, క్యాన్సిల్ చేసిన చెక్కు పెట్టండి. సబ్సిడీ సాధారణంగా నెల రోజుల్లో పడుతుంది.

మొదటి రెండు మూడు బిల్లులు కూర్చుని చదవండి. తీసుకున్నవి, పంపినవి, తేడా, ముందు నెల మిగులు, అన్నీ బిల్లు మీద ఉండాలి. మీటరు ఫోటోతో సరిపోకపోతే వెంటనే డిస్కం బిల్లులు చూసే ఈఆర్‌వో ఆఫీసులో దరఖాస్తు ఇవ్వండి, ఆర్నెల్లు ఆగితే సరిదిద్దడం కష్టం. ఫిక్స్‌డ్ చార్జీలు, కస్టమర్ చార్జీలు ఎలాగూ ఉంటాయి, కాబట్టి పూర్తి సున్నా బిల్లు ఆశించకండి.

మోటారు, వాషింగ్ మెషిన్, గ్రైండర్ ఎండ ఉన్నప్పుడే వేసుకోండి. నెట్ మీటరులో దీనివల్ల బిల్లు పెద్దగా తగ్గదు, నిజమే. కానీ సాయంత్రం ఆరు నుంచి పది మధ్య అందరం ఒకేసారి వాడే వేళలోనే బొగ్గు ప్లాంట్ల మీద భారం ఎక్కువ. ఆ వేళ మనం వాడేది తగ్గితే గ్రిడ్‌కి నిజమైన మేలు.

ప్యానెళ్లు తెల్లవారుజామునో, సూర్యుడు దిగాకో కడగాలి. కాలుతున్న అద్దం మీద చల్లనీళ్లు పోస్తే పగుళ్లు రావచ్చు. వేసవిలో పది, పదిహేను రోజులకోసారి చాలు. రైస్ మిల్లు, క్రషర్, సిమెంటు ఫ్యాక్టరీ దగ్గరుంటే వారానికోసారి. బోరు నీళ్లు ఉప్పగా ఉంటే కడిగాక గుడ్డతో తుడవండి, ఆరితే తెల్లటి పొర పట్టేస్తుంది, అది వదలదు. సబ్బు పొడి, పీచు వాడొద్దు, ప్యానెల్ మీద కాలు పెట్టొద్దు. పావురాల రెట్ట కనిపించిన రోజే తీసేయండి, అది పడిన చోట సెల్ వేడెక్కి కాలుతుంది. కింద గూళ్లు పెట్టకుండా అంచుల చుట్టూ జాలీ కొట్టించండి.

యాప్‌లో రోజు యూనిట్లు చూస్తుండండి. 3 కిలోవాట్లకి ఎండ రోజున 12 నుంచి 14 రావాలి. ముసురు రోజుల్లో నాలుగైదుకి పడిపోవడం సహజం. ఎండ బాగా ఉండి కూడా వరసగా మూడు రోజులు 9 దాటకపోతే వెండర్‌ని పిలవండి. ప్యానెళ్లకి 25 ఏళ్ల పనితీరు వారంటీ ఉంటుంది, ఇన్వర్టర్‌కి మాత్రం 5 నుంచి 10 ఏళ్లే. పదో ఏడు దాటాక ఎప్పుడైనా కొత్త ఇన్వర్టర్ కొనాల్సి రావచ్చు. మిగిలే డబ్బులోంచి నెలకి మూడొందలు పక్కన పెట్టుకుంటే అప్పటికి సరిపోతుంది.

అపార్ట్‌మెంట్‌లో ఉన్నవాళ్లు సొంత ప్యానెళ్ల కోసం గొడవపడే బదులు సంఘం తరఫున లిఫ్టు, మోటారు, కారిడార్ లైట్ల కామన్ మీటరుకి పెట్టించండి. దానికి కిలోవాట్‌కి రూ.18,000 సబ్సిడీ ఉంది. సర్వసభ్య సమావేశంలో తీర్మానం రాసి, సంతకాలు తీసుకుని, ఆ కాపీతోనే సంఘం పేరున దరఖాస్తు పెట్టాలి. టెర్రస్ హక్కులు బిల్డర్ ఎవరికైనా అమ్మేశాడేమో దస్తావేజుల్లో ముందే చూసుకోండి.